నేయని మూల

కుంబిగూడ అనే కొండ ఊరి బట్టకి మూల ఎలా నేసేవాళ్ళో చెప్పగలిగిన మనిషి ఇప్పుడు ఎవరూ లేరు. ఆ మూల ఉన్న బట్ట కూడా ఎక్కడా లేదు. వెతికితే దొరుకుతుందేమోనన్న ఆశ ఎవరికైనా ఉంటే ఇక్కడే వదులుకోవడం మంచిది. ఇది దొరకడం గురించిన కథ కాదు.

ఘాట్ రోడ్డు మొదలయ్యే చోట, కాఫీ గోదాముల వెనక, వరహాలమ్మ గారి మగ్గాల షెడ్డు ఉంది. ఆవిడ నేతవాళ్ళ ఇంట్లో పుట్టారు. కొండ ఊళ్ళ ఆడపిల్లలకీ, పట్నం నుంచి వచ్చే చదువుకున్నవాళ్ళకీ నేత, అద్దకం నేర్పడంలోనే ఆవిడ జుట్టు నెరిసింది. ఆవిడకి ఒక అలవాటు ఉంది. పని గురించి అడిగితే రెండు మాటల్లో జవాబు చెబుతారు: రంగు ఇంకాసేపు మరగనీ, దారం వదులైంది, మళ్ళీ చుట్టు. మంచిచెడ్డల గురించి అడిగితే మాత్రం జవాబు ఉండదు. "నాకు తెలిసిన ఒకావిడ ఉండేది" అని మొదలుపెడతారు. ఆ మాట వినపడగానే షెడ్డులో పాతవాళ్ళు చేతిలో పని ఆపకుండా చెవులు మాత్రం అటు పెడతారు. ఆవిడ ఒకసారి చెప్పింది మళ్ళీ చెప్పరు. దాని భావమేమిటని అడిగితే కసురుకుంటారు.

ఈసారి అడిగింది హైమావతి. డిజైన్ కాలేజీలో చదివింది, పట్నంలో మంచి ఉద్యోగం మానుకుని వరహాలమ్మ గారి దగ్గర శిష్యరికానికి వచ్చింది. పని దొంగ కాదు, పొగరు లేదు. కొండ ఊళ్ళలో ఆగిపోయిన పాత నేతల్ని మళ్ళీ మగ్గం ఎక్కించాలన్నది ఆమె పట్టుదల. ఒక మధ్యాహ్నం కొత్తగా నేసిన జానెడు ముక్కను తెచ్చి వరహాలమ్మ గారి ముందు పరిచింది.

"అమ్మా, ఒకటి అడుగుతాను. తిట్టకూడదు."

"తిట్టే మాటైతే తిడతాను. అడుగు."

"కుంబిగూడ అంచులో మధ్యభాగం మనకి తెలుసు. మూల ఎవరికీ తెలియదు. చుట్టుపక్కల ఊళ్ళ మూలలు చూసి, ఆ రంగులు చూసి, ఇలా ఉండి ఉంటుందని ఒకటి గీసి నేశాను. ఎంత చక్కగా కుదిరిందో చూడండి. మూల ఖాళీగా ఉంటే దుకాణంవాళ్ళు తీసుకోరట, అసంపూర్తిగా ఉందంటున్నారు. పోయినదాన్ని చేతనైనంతలో మనమే పూరించుకుంటే తప్పేమిటి? పూరించకపోతే ఉన్నది కూడా పోతుంది కదా?"

వరహాలమ్మ గారు ముక్కను వెలుతురులోకి పట్టుకుని చాలాసేపు చూశారు. తిప్పి వెనకవైపు చూశారు. ముడులు ఎక్కడా లేవు, పని శుభ్రంగా ఉంది. ఒళ్ళో పెట్టుకుని, "కుంబిగూడలో సుక్రి అని ఒకావిడ ఉండేది" అన్నారు. ఆ తరువాత ఆవిడ చెప్పినది ఇది.

ముందు బట్ట సంగతి తెలియాలి. కుంబిగూడ వాళ్ళు చెట్టు నారతో నేసేవాళ్ళు. నార ఒలవడం, బూడిద నీళ్ళలో ఉడకబెట్టడం, తొడ మీద పెట్టి దారంగా పేనడం, అన్నీ ఆడవాళ్ళ పనే. మగ్గం ఒక కొస వాకిట్లో పాతిన గుంజకి కట్టి ఉంటుంది, రెండో కొస నేసే మనిషి నడుముకి. బట్టంతా నార రంగు. కొసన మాత్రం అడ్డంగా బెత్తెడు వెడల్పు అంచు వేస్తారు, తొగరు వేరు ఎరుపుతో, కరక్కాయ నలుపుతో. అంచు మధ్యలో వచ్చే కొండ గీతలు ఊరందరివీ ఒకటే. రెండు మూలలూ మాత్రం తల్లి వరసవి. ఏ తల్లి మూల ఆ తల్లి కూతురికి వస్తుంది, ఇంకెవరికీ రాదు. పెళ్ళి కుదిరాక కూతురు తల్లి వెనక కూర్చుని, ఆమె భుజం మీదుగా చూస్తూ నేర్చుకోవాలి. ఎదురుగా కూర్చుంటే కుడి ఎడమలు తారుమారవుతాయి. బట్ట కట్టుకున్నాక ఆ మూలను నడుములో దోపేసుకుంటారు. అది నలుగురికీ చూపించేది కాదు. ఎవరిదైనా బయటపడితే పక్కవాళ్ళు చూపు తిప్పుకోవడం అక్కడి మర్యాద.

ఆడమనిషి పోతే ఆమె నేసుకున్న బట్ట కట్టి ఆమెతోపాటు దహనం చేస్తారు. పోయినవాళ్ళుండే ఊరి గుమ్మం దగ్గర తల్లీ, అమ్మమ్మా, ఆవిడ తల్లీ ఎదురు చూస్తూ ఉంటారని వాళ్ళ నమ్మకం. మొహాలు మారిపోయి ఉంటాయి కాబట్టి మూల చూసి, మన పిల్లే అని లోపలికి పిలుస్తారట. ఆ బట్టకి కత్తి తగలకూడదు. మగ్గం మీంచి దించేటప్పుడు కూడా కోయరు, ముడులు విప్పుతారు. ఈ ఆచారం వల్ల కుంబిగూడలో పాత బట్ట అన్నది ఎప్పుడూ మిగల్లేదు. నేసే చేతులు ఉన్నంతకాలం దాని అవసరమూ రాలేదు.

సుక్రి చిన్నప్పుడే కొండ దిగి హాస్టల్లో చదువుకుంది. చదువు సగంలో ఆగితే అదే హాస్టల్లో ఆయాగా కుదురుకుంది. పెళ్ళి మిల్లు చీరలో జరిగింది. పెళ్ళికి ముందు తల్లి బుద్రి అడక్కపోలేదు.

"నా ఎనక్కొచ్చి కూకోవే."

"ఎందుకే అమ్మా? నార బట్ట ఇప్పుడెవరు కడతారు? ఒంటికి గుచ్చుకుంటాది."

"గుచ్చుకోకపోతే ఒంటి మీద ఉందని ఎలా తెలుస్తాదే?"

సుక్రి నవ్వి ఊరుకుంది. బుద్రి మళ్ళీ అడగలేదు. అడగడం ఆవిడ నైజం కాదు. ఒక్కో ఇంట్లో మగ్గం గుంజ పశువుల్ని కట్టే గుంజ అయిపోయింది. చివరికి ఊళ్ళో నేసే మనిషి బుద్రి ఒక్కతే మిగిలింది. అది కూడా పెద్ద విషయంగా ఎవరికీ తోచలేదు, ఆవిడతో సహా.

చేలల్లో వలిసెలు పసుపుగా పూసే రోజుల్లో బుద్రి జ్వరంతో పోయింది. సుక్రి కబురందుకుని వచ్చేసరికి శవానికి నీళ్ళు పోస్తున్నారు. బుద్రి చిన్ననాటి స్నేహితురాలు సోంబారి, కళ్ళు మసకబారిన మనిషి, అటక మీంచి బట్ట దించి సుక్రి చేతిలో పెట్టింది. "మీ అమ్మకి నువ్వే కట్టాలి" అంది.

బట్ట చేతిలోకి వచ్చాక సుక్రికి విషయం తెలిసొచ్చింది. ఇది కాలిపోతే అమ్మ నేసింది ఇంకొకటి లేదు. నేసే మనిషి కూడా లేదు. దాచేసుకుందామంటే అమ్మ ఏ గుర్తూ లేకుండా వెళ్తుంది, గుమ్మం దగ్గర ఎవరూ పిలవరు. ఇచ్చేద్దామంటే ఈ పూటతో అంతా అయిపోతుంది. ఆడవాళ్ళు పసుపు నూరడానికి అవతలికి వెళ్ళారు. సుక్రి సంచిలో హాస్టల్ పిల్లల గోళ్ళు కత్తిరించే చిన్న కత్తెర ఉంది. అంచు మధ్యలోంచి జానెడు ముక్క కోసి రవికలో దాచుకుంది. రెండు మూలలూ అమ్మకి ఉంచింది. గీతలన్నీ మధ్యలోనే ఉన్నాయి, అందం అంతా అక్కడే ఉంది, నేర్చుకోవడానికి ఆ ముక్క చాలనుకుంది. అమ్మకీ తనకీ న్యాయంగా పంచానని కూడా అనుకుంది. కట్టేటప్పుడు మడత లోపలికి పెట్టి కోసిన చోటు కనపడకుండా చేసింది. ఎవరూ చూడలేదు. బుద్రిని తీసుకెళ్ళి దహనం చేశారు.

దినాలు అయ్యాక సుక్రి ఉద్యోగం మానేసి తల్లి ఇంట్లోనే ఉండిపోయింది. మొగుడు కాఫీ తోటల్లో పనివాడు, మంచివాడే. పిచ్చి దిగాక వస్తుందిలే అని వదిలేశాడు. సుక్రి అమ్మ గుంజ దగ్గర మగ్గం కట్టింది. ముక్క ఎదురుగా పెట్టుకుని చూసి నేయబోయింది. రాలేదు. దారం ఎక్కడ మునిగి ఎక్కడ తేలుతోందో పైకి చూస్తే తెలియదు. అందుకని ముక్కను విప్పడం మొదలుపెట్టింది. పై వరస విప్పి, ఏ దారం ఏ దారం కింద నుంచి వచ్చిందో చూసుకుని, అది తన మగ్గం మీద వేసి, తరువాతి వరస విప్పేది. నారకి వయసైపోయింది. విప్పిన దారం వేలెడు ముక్కలై ఒళ్ళో రాలేది. వానలు మొదలై, ముదిరి, వెనకబట్టేదాకా అదే పని. ముక్క పూర్తిగా విడిపోయిన రోజున ఆమె మగ్గం మీద కొండ గీతలు లేచాయి, అచ్చం బుద్రి చేతివే అనిపించేలా. సుక్రి మగ్గం మీద పడి ఏడ్చింది. ఆమెకి ఆ సంతోషం ఆ ఒక్క పూటే.

మగ్గం దించకుండానే సోంబారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. సోంబారి కళ్ళతో కాక వేళ్ళతో చూస్తుంది.

"ఎవులు నేసినారే ఇది?"

"నేనే పెద్దమ్మా."

"నువ్వా! హాస్టల్లో గిన్నెలు తోమిన చేతులేనా ఇవి?" అని సోంబారి నవ్వింది. వేళ్ళు గీతల మీదుగా పక్కకి జరిగాయి. పక్కకి జరిగి ఆగిపోయాయి. "మూలేదే?"

"మూల ఇంకా వెయ్యలేదు. మధ్యది వచ్చేసింది కదా పెద్దమ్మా, మూల ఎంతసేపు?"

"మజ్జిది నాకూ వచ్చును. మా అమ్మకీ వచ్చును. చేతులుంటే మన ఊరి కుక్కలకీ వచ్చును. మీ అమ్మ మూలేదే గుంటా?"

సుక్రి చెప్పింది. కత్తెర సంగతీ, పంచిన సంగతీ, అంతా. సోంబారి చేతులు వెనక్కి తీసుకుంది.

"కత్తెట్టినావా?"

"మూలలు రెండూ అమ్మకే ఉంచాను."

"రెండు మూలలుంచి మజ్జిలో ఏటీ లేకపోతే అది బట్టేటే? రెండు పీలికలు."

"అయితే అమ్మని పిలవరా పెద్దమ్మా?"

"నాకేటి ఎరిక? నేనింకా ఎల్లలేదు కదా."

తరువాత సోంబారే కాస్త మెత్తబడింది. ఏడాది తిరిగాక పోయినవాళ్ళ పేర రాయి నిలుపుతారు. తొందరలో పంపడం మరిచిపోయినవి ఏమైనా ఉంటే ఆ రాతి ముందు కాల్చి పంపవచ్చు, అందుతాయి. "ఆ ముక్క తీసుకురా. రాయి నాడు పంపించేద్దుము. మీ అమ్మ కుట్టుకుంటాదిలే. సూది చేతికి దొరికితే ఊరికే ఉండే మనిషి కాదు" అంది.

సుక్రి చేట తెచ్చి సోంబారి చేతికి అందించింది. సోంబారి వేళ్ళు పెట్టి చూసింది. చేటలో నార తుక్కు తప్ప ఏమీ తగల్లేదు.

"ఏటిది?"

"అదే పెద్దమ్మా. విప్పేశాను."

సోంబారి ముందు నమ్మలేదు. పరాచికమనుకుని నవ్వింది. సుక్రి నవ్వు వినపడకపోయేసరికి తనూ ఆపేసింది.

పంపడానికి పాత ముక్క లేదు. కొత్త బట్ట నేసి పంపుదామంటే మూల రాదు. తనది కానిదాన్ని, ఊరందరిదీ అయినదాన్ని, తల్లి బట్టలోంచి కోసి తెచ్చుకుంది. తనకి మాత్రమే రావలసినదాన్ని చేజేతులా అగ్గిలో పెట్టింది. అమ్మ అడిగిన రోజున వెనక కూర్చుని ఉంటే ఇదంతా ఒక పూట పని. ఆ ఆలోచన దగ్గరికి వచ్చినప్పుడల్లా సుక్రి లేచి నీళ్ళకి వెళ్ళేది, కుండ నిండుగా ఉన్నా సరే.

రాయి నిలిపేలోగా మూల తెలుసుకోవాలని ఆమె తిరగని ఇల్లు లేదు. పెద్దవాళ్ళు ఎవరిని అడిగినా, మీ అమ్మ మూల మేమెందుకు చూస్తాం అన్నారు. వాళ్ళ మర్యాద వాళ్ళని చూడనివ్వలేదు. ఫోటోలు ఉన్నాయి. పట్నం నుంచి వచ్చినవాళ్ళు బుద్రిని చాలాసార్లు నిలబెట్టి ఫోటో తీశారు. అన్నింట్లోనూ బుద్రి నవ్వుతోంది, అన్నింట్లోనూ మూల నడుములో దోపుకునే ఉంది. ఇక మిగిలింది సుక్రి జ్ఞాపకం. ఆ బట్ట కప్పుకుని నిద్రపోయిన పిల్లే ఆమె. ఆరేసినప్పుడు దాని కింద దూరి ఆడుకున్న పిల్లే. కళ్ళు మూసుకుంటే ఎరుపు కనిపించేది, పొద్దుటెండలో వెచ్చగా. దాని ఆకారం కనిపించేది కాదు. పువ్వా, తేలా, దువ్వెనా, అడుగుజాడా? ఒకటి నేసేది. ఆ పూటకి అదే అనిపించేది. మర్నాడు చూస్తే కాదనిపించేది. విప్పేసి ఇంకొకటి నేసేది. వరహాలమ్మ గారు అప్పట్లో రంగులు నేర్పడానికి ఆ ఊరు వెళ్ళి వస్తుండేవారు. సుక్రి నేసిన మూలలు కొన్ని చూశారు. ఒక్కటీ బాగోలేదని చెప్పడానికి లేదన్నారు. దానివల్లే మరీ కష్టమైందట. బాగోకపోతే పక్కన పెట్టేయవచ్చు.

రాయి నిలిపే రోజు దగ్గర పడుతున్న కొద్దీ అందరూ జాలిపడ్డారు. పూజలు చేయించే దిశారి వచ్చి, "ఏదో ఒక మూల వేసెయ్ తల్లీ. పొగయ్యాక ఏ మూలైనా ఒకటే" అన్నాడు. అది కాదనడం తేలికే. సోంబారి చెప్పినదాన్ని కాదనడం తేలిక కాలేదు. ఆవిడ ఒక సాయంత్రం గుంజ పక్కన చతికిలబడి, "నా మూల నేర్పుతాను, అదెయ్యి. నాకు ఆడపిల్లల్లేరు. నాతో పోయేదే కదా, మీ అమ్మకి పనికొస్తాది" అంది.

ఆ ఊళ్ళో ఒక ఆడమనిషి ఇంకొకరికి ఇవ్వగలిగిన దానిలో అంతకన్నా పెద్దది లేదు. సుక్రి చాలాసేపు ఆవిడ పాదాలు పట్టుకుని కూర్చుంది.

"అప్పుడు మా అమ్మని మీవాళ్ళు పిలుస్తారు పెద్దమ్మా."

"పిలవనీ. గుమ్మం బైట నిలబడ్డం కన్నా నయం కాదా?"

"మా అమ్మమ్మ పక్కనే నిలబడి చూస్తూ ఉంటాది. ఎవరో పిల్ల అనుకుంటాది."

సోంబారి లేచి చీర దులుపుకుని, "మీ అమ్మ కూతురివే. మొండిదానివి" అని వెళ్ళిపోయింది.

రాయి నిలిపారు. సుక్రి కొత్త బట్ట తెచ్చింది. అంచు మధ్యలో కొండ గీతలు, ఎరుపూ నలుపూ, ఒక్క దారం తప్పు లేదు. రెండు మూలలూ ఉత్త నార. ఏమీ వేయలేదు. దిశారి మొహం చిట్లించాడు. బంధువులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సుక్రి బట్టను నిప్పు మీద పెట్టి, అందరికీ వినపడేలా, "అమ్మా, నాకింతే వచ్చు" అంది. నార పొడిగా ఉంది, తొందరగా అంటుకుంది. గాలి మారలేదు, పిట్ట అరవలేదు. అందిందో లేదో తెలిపే గుర్తు ఒక్కటీ రాలేదు. వచ్చినవాళ్ళు భోజనాలు చేసి వెళ్ళిపోయారు.

ఆ తరువాత సుక్రి బతికినన్నాళ్ళూ నేసింది. మూలలు మాత్రం ఎప్పుడూ ఖాళీగానే వదిలింది. సోంబారి పోయినప్పుడు ఆవిడ బట్ట ఆవిడతో వెళ్ళింది. కత్తీ కత్తెరా దగ్గరికి రాకుండా సుక్రి శవం పక్కనే కాపలా కూర్చుంది. అలా సోంబారి మూల కూడా పోయింది. సుక్రి దగ్గర నేర్చుకోవడానికి కొందరు ఆడపిల్లలు వచ్చారు. ఆమె వాళ్ళకి మధ్యది నేర్పి, "మూల మీ ఇంట్లో అడిగి తెచ్చుకోండి" అనేది. వాళ్ళ ఇళ్ళల్లో చెప్పేవాళ్ళు లేరు. అయితే ఖాళీగా వదలండి అనేది. అలాంటి బట్ట సంతలో ఎవరూ కొనలేదు. పిల్లలు ఒక్కొక్కరే మానేసి రోడ్డు పనికీ, తోట పనికీ వెళ్ళిపోయారు. ఒక బేరగాడు వచ్చి, ఏదో ఒక పువ్వు మూలలో వేయిస్తే నేసినన్ని తీసుకుంటానన్నాడు. "పువ్వు నేను వెయ్యను. అక్కడేటున్నాదో నాకు తెలీదు" అని పంపేసింది. పట్నంలో ఒక ప్రదర్శనకి వరహాలమ్మ గారే ఆమెని తీసుకెళ్ళారు. ఒక పెద్దింటావిడ ఖాళీ మూల మీద చెయ్యి వేసి మురిసిపోయింది.

"ఎంత బాగా వదిలారండీ! ఎంత ఆలోచించి ఉంటారో!"

"ఆలోచించి వదల్లేదమ్మా. రాక వదిలాను."

ఆవిడ అది కూడా గొప్ప మాటే అనుకుని పక్కవాళ్ళకి చెప్పింది. సుక్రి ఆ బట్ట ఆవిడకి అమ్మలేదు. మడిచి సంచిలో పెట్టేసుకుంది. తిరుగు ప్రయాణంలో బస్సు ఘాట్ ఎక్కుతుంటే, "మీ వాళ్ళకి దేన్ని చూసినా సంతోషమేనా?" అని వరహాలమ్మ గారిని అడిగింది. అదొక్కటే ఆమె చేసిన ఎగతాళి.

పోయిన వానాకాలం సుక్రి పోయింది. ముందే చెప్పి ఉంచింది. తనకి కట్టే బట్ట ఏదో చూపించి, మూలలో ఎవరూ ఏమీ కుట్టకూడదు అంది. ఊరి ఆడవాళ్ళకి మనసొప్పలేదు. ఎర్ర దారంతో రెండు కుట్లైనా వేద్దాం, అలా పంపితే పాపం అన్నారు. మంచం మీద ఉన్న మనిషి తల అడ్డంగా ఊపింది. "మా అమ్మ గుర్తు ఏటో నాకు తెలీదు. తెలిసినట్టు వేసుకునెల్తే నన్ను చూసి ఎవరో పరాయి పిల్ల అనుకుని పక్కకి తప్పుకుంటాది. నేను ఖాళీగానే ఎల్తాను" అంది. అలాగే పంపారు. వరహాలమ్మ గారు ఆ రోజు అక్కడే ఉన్నారు. బట్టకి కత్తి తగల్లేదు, మూలలకి రంగు తగల్లేదు.

వరహాలమ్మ గారు చెప్పడం ఆపేశారు. మగ్గాల చప్పుడు ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. వాదించాలని కాదు, ఒప్పుకోలేక, హైమావతి మెల్లగా అంది: "దుకాణంవాళ్ళకి ఇదంతా తెలియదు కదమ్మా. సుక్రి లేదు, వాళ్ళమ్మ లేదు. నేను వేసింది తప్పని చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు."

వరహాలమ్మ గారు ఒళ్ళోని ముక్కను ఇంకోసారి చూసి, మడత పెట్టకుండా ఆమె చేతికి ఇచ్చేశారు.

"బాగా నేశావు హైమా. నిజంగా చాలా బాగుంది. ఇక అక్కడ ఏముండేదని ఎవరూ అడగరు."